వార్‌బ్యాండ్ ఫాంటసీ మాడ్లు: రెండొందల రోజులు దాటాక ఏది నిలిచింది

వార్‌బ్యాండ్ అనే కంప్యూటర్ ఆటలో అరవై మందిని పోగేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ఊరూరా తిరిగి కుర్రాళ్ళను చేర్చుకున్నాను. దొంగల మూకల మీదికి తోలి వాళ్ళ చెయ్యి తిరిగేలా చేశాను. టోర్నమెంట్లలో నా మీద నేనే పందెం కాసి, గెలిచిన డబ్బుతో జీతాలిచ్చాను. మూడో రాత్రి మ్యాప్ మధ్యలో అడవి పక్కగా పోతుంటే ఓ చిన్న దండు ఎదురొచ్చింది. పేరు చూస్తే నోల్డార్. పాతిక మందేగా అనుకున్నాను. యుద్ధం మొదలైన నాలుగు నిమిషాలకు నా వైపు నిలబడి ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఆ బాణాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కూడా నాకు కనపడలేదు.

అది 2012. కాకినాడలో హాస్టల్ గది, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, కరెంటు పోతే ఇరవై నిమిషాలు మాత్రమే నిలబడే బ్యాటరీ. మాడ్, అంటే ఆటను అభిమానులు మార్చి కట్టిన రూపం, దాని ఫోల్డర్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చిన రూమ్మేట్ పక్క మంచం మీంచి, "ఏంటి మావా, అడవి వైపు పోవద్దని చెప్పలా?" అన్నాడు. చెప్పలేదు. చెప్పుంటే ఈ ఆట ఇన్నేళ్ళు ఆడేవాణ్ణి కాదేమో.

ఆ మాడ్ పేరు ప్రాఫెసీ ఆఫ్ పెండార్. ఆ రాత్రే కోపంతో తీసేసి, వారం తిరక్కుండా మళ్ళీ ఎక్కించాను. తర్వాత ఉద్యోగం వచ్చింది, ల్యాప్‌టాప్ మారింది, ఊరు మారింది. మాడ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఆడుతూనే వచ్చాను. వాటిలో ఫాంటసీవి అరడజను దాకా బాగా లోతుగా ఆడాను. ఇది వాటి సమీక్ష.

ఆట తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. మౌంట్ అండ్ బ్లేడ్ టర్కీ రాజధాని అంకారాలో ఉన్న టేల్‌వరల్డ్స్ సంస్థ తయారుచేసిన ఆట. మొదటిది 2008లో వచ్చింది, వార్‌బ్యాండ్ 2010లో. కాల్రాడియా అనే ఊహా దేశం, అందులో ఆరు రాజ్యాలు. పెద్ద కథేమీ లేదు. ఒక గుర్రం, ఒక కత్తి ఇచ్చి వదిలేస్తుంది, ఏం చేసుకుంటావో నీ ఇష్టం. మంత్రాలు లేవు, రాక్షసుల్లేరు. పోరాటం మాత్రం ఇప్పటికీ దానికదే సాటి. మౌస్ ఏ వైపు జరిపితే కత్తి ఆ వైపు నుంచి వస్తుంది. నాలుగు దిక్కుల నుంచి కొట్టొచ్చు, అవతలివాడి దెబ్బ ఎటునుంచి వస్తోందో చూసి ఆ దిక్కునే కాచుకోవాలి. గుర్రం దౌడు అందుకుంటే బల్లెం దానంతటదే ముందుకు వాలుతుంది. అది సూటిగా తగిలిందంటే అవతల ఎంతటి మొనగాడైనా కింద పడాల్సిందే.

ఇన్ని మాడ్లు రావడానికి ఒక కారణం ఉంది. ఆటలో సంభాషణలు, సైనికుల వివరాలు, ఊళ్ళు, యుద్ధ నియమాలు చాలావరకు పైథాన్ స్క్రిప్టుల్లో ఉంటాయి. వాటిని తయారీదార్లే మాడ్యూల్ సిస్టమ్ పేరుతో అందరికీ ఇచ్చేశారు. అవి చివరికి మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా మారతాయి. మాడ్ ఫోల్డర్లో సైనికుల ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంకెల బారులు కనిపిస్తాయి. ఏ అంకె ఏమిటో తెలిసినవాడు కొత్త దేశమే కట్టెయ్యొచ్చు, కట్టారు కూడా. ఒక్క రూపాయి తీసుకోకుండా, ఏళ్ళ తరబడి.

మొదటి పది గంటలు ఏ మాడైనా బాగానే ఉంటుంది. కొత్త మ్యాప్, కొత్త కవచాలు, ఆర్క్‌లనే పచ్చ రాక్షసులు. అందుకే నేను వాటిని ఆటలో రెండొందల రోజులు దాటాక కొలుస్తాను. నేటివ్‌కి, అంటే మాడ్ లేని అసలు ఆటకి, పెద్ద జబ్బు అక్కడే మొదలవుతుంది. మొదట్లో ఐదుగురు దొంగలు వెంటపడితే గుండె దడదడలాడుతుంది. రెండొందల రోజులయ్యేసరికి చేతిలో కోట ఉంటుంది, వెనకాల స్వేడియా రాజ్యపు గుర్రపు నైట్లు ఎనభై మంది ఉంటారు, ఎదురయ్యేవాడు ఉండడు. ఇక మిగిలేది ముట్టడి తర్వాత ముట్టడి, అలిగిన సామంతుల్ని బుజ్జగించడం, విందులకు హాజరవడం. రాజ్యం ఏలడం మా పంచాయతీ ఆఫీసులో కూర్చున్నట్టు ఉంటుంది. ఎఫ్1, ఎఫ్3 నొక్కితే "అందరూ మీద పడండి" అని ఆజ్ఞ. చివరి వంద గంటలు ఆ రెండు మీటలే ఆట. ఈ జబ్బుకి ఏ మాడ్ ఏ మందు వేసింది అన్నదే నా లెక్క.

పెండార్ వేసిన మందు భయం. ఇందులో ఐదు రాజ్యాలున్నాయి: సార్లియన్, రావెన్‌స్టర్న్, ఫియర్డ్స్‌వేన్, డిషార్, ఎంపైర్. అవి ఒకదాంతో ఒకటి కొట్టుకుంటూనే ఉంటాయి, నేటివ్‌లో లాగానే. అసలు ఆట మాత్రం వాటి సందుల్లో తిరిగే దండుల్లో ఉంది. గడ్డి మైదానాల్లో గుర్రాల మీద జాటులు, తీరం వెంట వాన్‌స్కెరీ దోపిడీదార్లు, కొండల్లో మిస్ట్‌మౌంటెన్ తెగలు, ఎక్కడపడితే అక్కడ పాము దేవత భక్తులైన స్నేక్ కల్ట్ వాళ్ళు, హెరిటిక్‌లు. వీటికి తోడు అప్పుడప్పుడు వందల మందితో ఒక్కో నాయకుడు దిగుతాడు. స్నేక్ కల్ట్ పూజారిణి మాల్టీస్, ఐగ్రిమ్ ద డివోరర్ లాంటివాళ్ళు. వీళ్ళకు కోటలు అక్కర్లేదు. మ్యాప్ మీద తిరుగుతారు, దొరికినవాణ్ణి తొక్కేస్తారు. నీ లెవెల్ ఎంతో వాళ్ళకు అనవసరం.

దీనివల్ల ఏమవుతుందంటే మ్యాప్ చూసే పద్ధతే మారిపోతుంది. నేటివ్‌లో నేను మ్యాప్‌ని దారిగా చూసేవాణ్ణి. పెండార్‌లో మ్యాప్ అంటే ఎవడు ఎటు పోతున్నాడు, వాడికంటే నేను వేగంగా పోగలనా అనే లెక్క. మూడొందలో రోజు మీద కూడా, నా దగ్గర మంచి సైన్యం ఉండి కూడా, మాల్టీస్ దండు కనపడగానే గుర్రాన్ని వెనక్కి తిప్పి పట్నంలో దూరాను. రెండు రోజులు గోడ వెనక కాపు కాసి, సార్లియన్ సామంతులు ఇద్దరు ఆమె మీదికి దిగాక, అప్పుడు బయటికి వచ్చి పక్కనుంచి కొట్టాను. గెలిచాం. నా వాళ్ళు సగం మంది పోయారు. అలాంటి నాయకుల్ని ఓడిస్తే క్వాలిస్ రత్నాలు దొరుకుతాయి. వాటితో మామూలు అంగడిలో దొరకని సరుకు సంపాదించుకోవచ్చు. మొదటి రత్నం చేతికొచ్చిన రాత్రి రెండింటికి నేను గదిలో ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను. చెప్పుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

నోల్డార్‌ల విషయం వేరే చెప్పాలి. వాళ్ళు ఎల్ఫ్‌లు, అంటే కథల్లోని కోసు చెవుల జాతి. ఎల్ఫ్‌లను చూపించడంలో చాలా మాడ్లు చేసే పొరపాటు వాళ్ళను కొనుక్కునే సరుకుగా మార్చేయడం. డబ్బు పారేస్తే చెవులు కోసుగా ఉన్న విలుకాళ్ళు వచ్చి వరసలో నిలబడతారు. పెండార్‌లో అలా కుదరదు. వాళ్ళకు మనుషులంటే మంట. దారిలో కనపడితే చంపుతారు. ఎవరో పట్టుకెళ్ళిన నోల్డార్ బందీల్ని విడిపిస్తూ, ఒక్కో అంకె చొప్పున సంబంధం పెంచుకుంటూ పోతే, ఎప్పటికో వాళ్ళ స్థావరం లారియాలోకి రానిస్తారు. నన్ను రానిచ్చేసరికి నిజ జీవితంలో ఎనిమిది నెలలైంది. లోపల పెద్దగా ఏమీ లేదు, చెట్లు, కొన్ని ఇళ్ళు. అయినా ఆ ద్వారం దాటినప్పుడు కలిగిన సంతోషం ఏ ఫైర్‌బాల్ మంత్రమూ ఇవ్వలేదు.

లోపాలు లేవా అంటే, బోలెడు. మొదటి యాభై రోజులు కష్టమనడం కన్నా అన్యాయమనడం సబబు. తెలియనివాడు మూడు నాలుగు సార్లు అంతా పోగొట్టుకుని తీరాలి. ఖరీదైన గుర్రం ఒక్క యుద్ధంలో కుంటిదై కూర్చుంటుంది. మైదానంలో ఒకేసారి కనపడే సైనికుల లెక్క మెనూలో 150 దగ్గర ఆగే వార్‌బ్యాండ్‌లో, మిగిలినవాళ్ళు అలలు అలలుగా వస్తారు. నాలుగొందల మంది శత్రువులుంటే ఒక్క యుద్ధానికే అరగంట. ఆ తర్వాత, సొంత రాజ్యం పెట్టి, సొంత నైట్ల సంఘం కట్టి, వాళ్ళకు పెద్ద కవచాలు తొడిగాక, ఇక్కడ కూడా ఎఫ్1, ఎఫ్3 జబ్బు తిరగబెడుతుంది. నేటివ్‌లో రెండొందల రోజులకు వచ్చేది ఇక్కడ ఏడొందలకు వస్తుంది, అంతే. ఏడొందల రోజులు భయపెట్టగలిగిన ఆటను తప్పుపట్టడం కూడా ఏమంత న్యాయం కాదనుకోండి.

ఇంకో సంగతి, ఫాంటసీ అని వెళ్ళినవాళ్ళకు పెండార్‌లో మంత్రతంత్రాలు చాలా తక్కువగా కనిపిస్తాయి. ఇది ప్రధానంగా కత్తుల మాడ్. మాడిగన్ అనే జోస్యుడు, ఎప్పటికో ఒకడు వచ్చి ఈ నేలను ఏకం చేస్తాడన్న జోస్యం, అదంతా నేపథ్యంలో ఉంటుంది. ఎవరూ దాన్ని గుర్తుచేసి విసిగించరు. నాకదే నచ్చింది. మా తమ్ముడికి అదే నచ్చలేదు. "డ్రాగన్ ఎక్కడన్నయ్యా?" అని రెండు రోజులు అడిగి మానేశాడు.

తర్వాత ద లాస్ట్ డేస్. దీని గురించి రాయాలనే అసలు ఈ సమీక్ష మొదలుపెట్టాను. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ లోకంలో జరిగే మాడ్ ఇది. మొదట పాత మౌంట్ అండ్ బ్లేడ్ కోసం చేశారు, తర్వాత వార్‌బ్యాండ్‌కి తెచ్చారు. ఈ మాడ్ చేసినవాళ్ళు కొత్తవి పెట్టడానికి ముందు పాతవి తీసేశారు. డబ్బు తీసేశారు. భూములు తీసేశారు. పెళ్ళి తీసేశారు. రాజు కావడం తీసేశారు. నేటివ్‌లో మనం ఎందుకు ఆడతామో ఆ కారణాలన్నీ పెరికి బయట పారేశారు.

ఆట మొదట్లోనే ఏ జాతి, ఏ వైపు అని అడుగుతుంది. గోండోర్ మనిషివా, రోహాన్ రౌతువా, ఎల్ఫ్‌వా, మరుగుజ్జువా, లేక మోర్డోర్ ఆర్క్‌వా. ఒకసారి చెప్పాక మార్చడం కుదరదు. నువ్వొక సైన్యంలో ఒక చిన్న నాయకుడివి, అంతకన్నా ఏమీ కావు. నేటివ్‌లో డబ్బైన డెనార్ల బదులు రిసోర్స్ పాయింట్లుంటాయి. అవి ఏ రాజ్యం ఇస్తే ఆ రాజ్యంలోనే చెల్లుతాయి. గోండోర్‌కి సాయం చేసి సంపాదించినవి రోహాన్‌లో గుర్రం కొనడానికి పనికిరావు. ఎక్కడైనా సరుకు తీసుకునే వీలు రాకముందు మన రేషన్ కార్డు ఎలా ఉండేదో అలాగన్నమాట, పక్క మండలం డిపోలో చూపిస్తే నవ్వేవాళ్ళు. దీనికి తోడు ర్యాంకు, పలుకుబడి ఉంటాయి. పలుకుబడి ఖర్చుపెట్టి పెద్ద నాయకుల్ని ఫలానా చోటికి దండెత్తమని అడగొచ్చు. అడిగితే వెళ్తారు. ఊరికే అడిగితే వెళ్ళరు.

మొదట ఇదంతా చిరాకు పెట్టింది. ఊరు దోచుకోవడానికి లేదు, వ్యాపారం చేయడానికి లేదు, మరి నేనేం చెయ్యాలి? పది గంటలయ్యాక అర్థమైంది. చేయాల్సింది ఒక్కటే, యుద్ధం. కొన్ని లెవెళ్ళు దాటాక యుద్ధం మొదలైందని కబురు వస్తుంది, ఇక అది ఆగదు. ప్రతి రాజ్యానికీ బలం అనే కొలత ఒకటుంటుంది. దాని దండులు ఓడినకొద్దీ అది తరుగుతుంది. బాగా తరిగిపోయాకే రాజధాని మీదికి ముట్టడి వస్తుంది. పోయిన ఊరు పోయినట్టే. ఓడిన రాజ్యం మ్యాప్ మీంచి తుడిచిపెట్టుకుపోతుంది.

రోహాన్ రౌతుగా మొదటిసారి ఆడినప్పుడు నేను ఉత్తరాన ఎల్ఫ్‌లకు సాయం చేస్తూ, వాళ్ళ బాణాలకు ముచ్చటపడుతూ కాలక్షేపం చేశాను. పనులు పూర్తిచేస్తే మంచి విల్లు ఇస్తామన్నారు. అదే నా లోకం. ఒకరోజు తెర మీద ఎడోరస్ ముట్టడిలో ఉందని ఒక లైను వచ్చింది. అంత దూరం నుంచి గుర్రాలు తోలుకుంటూ వచ్చేసరికి ఊరు లేదు. నా రాజధాని, నేను ఆట మొదలుపెట్టిన ఊరు, అక్కడి దుకాణం, నేను పాయింట్లు దాచుకున్న చోటు, ఏవీ లేవు. నేటివ్‌లో అయితే కోట పోతే వచ్చే వారం మళ్ళీ తీసుకోవచ్చు. ఇక్కడ ఆ మెనూయే రాలేదు. పాత సేవ్ తెరవచ్చు, తెరవబుద్ధి కాలేదు. మిగిలిన నలభై మంది రౌతుల్తో గోండోర్ వైపు వెళ్ళాను. వాళ్ళ దగ్గర నా పాయింట్లు సున్నా.

ఆట పరంగా చూస్తే ఇదొక చిన్న లైను, ఒక అంకె సున్నా కావడం. కానీ పన్నెండేళ్ళలో ఏ మాడ్‌లోనైనా నాకు బాగా గుర్తున్న ఘట్టం ఇదే. ఎఫ్1, ఎఫ్3 జబ్బుకి ఇది వేసిన మందు ఏంటంటే, గెలిచాక మిగిలే పెత్తనాన్నే లేకుండా చేయడం. యుద్ధం అయిపోతే ఆట అయిపోతుంది. ఏలడానికి ఏమీ ఉండదు కాబట్టి విసుగు పుట్టడానికి చోటుండదు.

యుద్ధాల్లో పనితనం కూడా చూడాలి. ఈ ఇంజిన్‌కి తెలిసిన శరీరాలు రెండే, మనిషి, గుర్రం. అన్నీ వాటి మీదే కట్టాలి. అయినా వార్గ్ మీదున్న ఆర్క్‌ని పొడిచి పడేస్తే ఆ తోడేలు ఊరుకోదు. రౌతు లేకుండా కూడా తిరిగి కరుస్తూనే ఉంటుంది. మొదటిసారి అది తెలియక వెనక్కి తిరిగి నడిచాను, చచ్చాను. ట్రోల్ అనే భారీ రాక్షసి ఒక్కటి చాలు, ఎగబడిన గుంపు చెల్లాచెదురవుతుంది. ఆర్క్‌లు పొట్టిగా, పిరికిగా, గుంపుగా ఉంటే చెలరేగుతూ ఉంటాయి. వాటి వైపు ఆడితే నీ సైన్యం నీకే నమ్మకం ఇవ్వదు, అది ఇంకో రకం వినోదం. మినాస్ టిరిత్, హెల్మ్స్ డీప్ లాంటి చోట్లు గోడగోడా శ్రద్ధగా కట్టారు. ముట్టడిలో కంప్యూటర్ సైనికులు నిచ్చెన దగ్గర ఇరుక్కుని ఒకళ్ళనొకళ్ళు తోసుకోవడం మాత్రం ఏ మాడూ నయం చేయలేని వార్‌బ్యాండ్ పుట్టుమచ్చ.

నచ్చనిది చెప్పాలంటే, స్వేచ్ఛ తక్కువ. వ్యాపారిగానో, దారిదోపిడీ వాడిగానో బతకాలనుకునేవాళ్ళకు ఇది జైలు. రెండోసారి ఆడితే అవే పనులు, అవే కబుర్లు ఎదురవుతాయి. వేరే జాతితో మొదలుపెడితేనే కొత్తగా ఉంటుంది. ఇప్పటికి ఐదుసార్లు మొదలుపెట్టాను, పూర్తిచేసింది రెండుసార్లు.

పెర్నిస్నో, క్షమించాలి, పెరిస్నో. ఈ పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా నోరు తిరగదు. ఇది లాస్ట్ డేస్‌కి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ ఏదీ తీసేయలేదు, దొరికినదల్లా పెట్టారు. లెక్కకు మించిన రాజ్యాలు, ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు, మనిషికన్నా బాగా పెద్దగా ఉండే జెయింట్లు, సముద్రం మీంచి వచ్చి పడే జాన్ సేనలు. పెళ్ళి భోజనంలో పాతిక రకాలు వడ్డించినట్టు. మొదటి ముప్పై గంటలు నాకు కాలు నిలవలేదు. ప్రతి మూలా ఏదో ఒక కొత్త జెండా, కొత్త కవచం. కవచాల అందం అయితే మిగిలిన మాడ్లన్నింటికంటే ఒక మెట్టు పైనే.

రెండొందల రోజుల దగ్గర మాత్రం చతికిలపడింది. అన్ని రాజ్యాల్లో ఎవరెవరితో కొట్టుకుంటున్నారో గుర్తుండదు. ఒక రాజ్యం కూలిపోతే బాధ కలగదు, ఇంకా చాలా ఉన్నాయి కదా. జెయింట్ మొదటిసారి కనపడ్డప్పుడు నిజంగానే వెనకడుగు వేశాను. మా సైన్యంలోకి నలుగురు జెయింట్లు వచ్చాక, వాళ్ళను ముందు పెట్టి ఎఫ్1, ఎఫ్3. జబ్బు ముదిరింది. అయినా కొత్తగా ఫాంటసీ మాడ్ ఆడాలనుకునేవాళ్ళకు నేను మొదట చెప్పేది దీని పేరే. పెండార్‌లాగా తరిమికొట్టదు, లాస్ట్ డేస్‌లాగా కట్టిపడేయదు. ముప్పై గంటలు సరదాగా తిరిగి, కడుపు నిండాక లేచి వచ్చేయొచ్చు.

వార్‌స్వోర్డ్ కాంక్వెస్ట్ గురించి తక్కువే చెబుతాను. వార్‌హామర్ లోకం. తుపాకులు, మరుగుజ్జులు, రక్త పిశాచాలు, ఎలుక మనుషులు. వార్‌హామర్ బొమ్మలాట తెలిసినవాళ్ళకు పండగే. నాకు ఆ లోకం అంతగా తెలియదు కాబట్టి పేర్లన్నీ పరీక్షకు బట్టీ పట్టినట్టు అనిపించాయి. ఇందులో మంత్రం అంటే చేతిలో పట్టుకుని విసిరే ఆయుధం లాంటిదే. ఈ ఇంజిన్‌లో బాణానికో, తుపాకీ గుండుకో మంటల బొమ్మ తగిలిస్తే మంత్రమైపోతుంది. మొదటి మూడుసార్లు బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత, తుపాకీ అయితే మందు కూర్చడానికి ఎంత టైం పడుతుందో దీనికీ అంతేనా అని లెక్కలు వేయడం మొదలుపెడతాం. మాయ పోతుంది. సైన్యాల బలాబలాల్లో కూడా తూకం సరిగ్గా కుదరలేదు. కొన్ని జాతులు ఎదురైతే ఏం చేసినా ఓటమే, కొన్ని ఎదురైతే టీ తాగుతూ గెలవొచ్చు.

ఫాంటసీ కాల్రాడియా అనే చిన్న మాడ్ ఇంకోటుంది. పాత కాల్రాడియానే, అందులో మంత్రాలు, ఆర్క్‌లు, ఎల్ఫ్‌లు, చచ్చి లేచినవాళ్ళు. నేటివ్ అలవాటైనవాడికి సొంత ఊళ్ళో జాతర జరుగుతున్నట్టు ఉంటుంది. నేను వదిలిన మొదటి మంత్రం నా సొంత వరస మధ్యలో పడింది. రెండు వారాంతాలు నవ్వుకున్నాను, తీసేశాను, ఏ ఫిర్యాదూ లేదు.

ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్‌ని చాలామంది ఈ జాబితాలో కలుపుతారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ కథాలోకం అది, మ్యాప్ చాలా పెద్దది, ఊళ్ళు కట్టిన తీరు అద్భుతం. ఆడినంతసేపు నాకు అది ఫాంటసీ కంటే చరిత్ర మాడ్‌లాగే అనిపించింది. దాని గురించి వేరే రాయాలి.

ఇక తంటాల సంగతి. వీటిలో ఏది ఎక్కించినా ఒకరోజు ఆర్‌జీఎల్ ఎర్రర్ అనే చిన్న పెట్టె తెర మీద వచ్చి ఆట మూసుకుపోతుంది. చాలాసార్లు మెమరీ చాలలేదని దానర్థం. మీ కంప్యూటర్లో 32 జీబీ ఉన్నా లాభం లేదు, ఈ ఆట పాతకాలపు 32 బిట్ ప్రోగ్రాము, కొంతకు మించి వాడుకోవడం దానికి చేతకాదు. లాంచర్ ఆప్షన్లలో టెక్స్చర్లను అవసరమైనప్పుడే లోడ్ చేసే టిక్కు పెడితే చాలావరకు తగ్గుతుంది. పెరిస్నో లాంటి బరువైనవి అది లేకుండా గంట కూడా నడవవు. కొత్త ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కాస్త తడబడుతుంది, భరించాలి.

రెండోది నా స్వయంకృతం. సేవ్‌లు మాడ్ ఫోల్డర్లో ఉండవు, డాక్యుమెంట్స్‌లో మాడ్ పేరుతో వేరే ఫోల్డర్లో ఉంటాయి. మాడ్ ఫోల్డర్ పేరు మారిస్తే ఆటకు మీ సేవ్‌లు కనపడవు. అవి పోలేదు, పాత పేరు కింద పడున్నాయి. ఈ సంగతి తెలియక నేను పాత ఫోల్డర్ని శుభ్రంగా డిలీట్ చేశాను. పెండార్‌లో నాలుగొందల రోజుల రాజ్యం. దాని మీద ఎవర్నీ తిట్టడానికి లేదు. ఇంకో మాట, ఆట మధ్యలో ఉండగా మాడ్ కొత్త వెర్షన్ వచ్చిందని పాతదాని మీద కొత్తదాన్ని పోసేయకండి. చాలాసార్లు పాత సేవ్ కొత్త వెర్షన్‌లో నడవదు, నడిచినా సైనికులు వింత కవచాల్లో కనిపిస్తారు. మొదలుపెట్టిన వెర్షన్‌లోనే ముగించడం మేలు.

ఈ ఆటకు తర్వాతి భాగం బ్యానర్‌లార్డ్ వచ్చాక ఇవన్నీ ఎందుకు అని అడుగుతారు. అది 2020లో ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది, 2022 అక్టోబరులో పూర్తి ఆటగా. నేనూ కొన్నాను. అందులో ద ఓల్డ్ రెల్మ్స్ అనే వార్‌హామర్ మాడ్ చూస్తే వార్‌స్వోర్డ్ కాంక్వెస్ట్ బాల్యం గుర్తొస్తుంది. మంత్రాలు మంత్రాల్లాగే ఉంటాయి, ఫిరంగులు ఫిరంగుల్లాగే పేలతాయి, వందల మంది ఒకేసారి మైదానంలో కనిపిస్తారు. అయితే అసలు ఆటకు ప్యాచ్ వచ్చినప్పుడల్లా మాడ్లు పడకేస్తాయి. ఆటలు కొనే స్టీమ్ దుకాణంలో పాత వెర్షన్ ఎంచుకుని, దాన్ని అక్కడే కట్టేసి ఉంచాలి. ఆ పని తెలిసినవాళ్ళు నిస్సందేహంగా ఆడొచ్చు. నాకు సమస్య అది కాదు. బ్యానర్‌లార్డ్ మాడ్లలో నేను చూసినంతవరకు అందరూ ఇంకా చేర్చే దశలోనే ఉన్నారు. డబ్బు తీసేద్దాం, రాజరికం తీసేద్దాం అనే తెగింపు ఉన్న మాడ్ నాకింకా తగల్లేదు.

ప్రస్తుతం నా కంప్యూటర్లో రెండే ఉన్నాయి. పెండార్ ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఏడాదికోసారి తెరుస్తాను, ఆ నోల్డార్ దండుని చూసి పారిపోవడం ఇప్పటికీ బాగుంటుంది. రెండోది లాస్ట్ డేస్. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కూడా ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాను. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టి తెర వైపు చూసి, "ఇంకా ఆ గుర్రం దిగలేదా నాన్నా?" అంది. దిగలేదు. ఈసారి మళ్ళీ రోహానే, ఇప్పటికి 140వ రోజు. ఉత్తరాన ఎల్ఫ్‌లు మనిషిని పంపారు, ఏదో పని ఉందట, మంచి విల్లు ఇస్తారట. వెళ్ళలేదు. ఎడోరస్ గుమ్మం ముందే డెబ్భై మంది రౌతుల్ని పెట్టుకుని కూర్చున్నాను.